ఆవిరి డ్రమ్ముకు కట్టిన తీగ

మా బావ మరణం గురించి ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కిన మొదటి వాక్యం తప్పును ఆయన మీదనే మోపింది. పసుపు ఉడకబెట్టే ఆవిరి డ్రమ్ము పొయ్యిలో మోతాదుకు మించి కట్టెలు పెట్టి, తన సొంత అజాగ్రత్త వల్ల మృతి చెందినట్లు పంచనామాలో రాశారు. ఆ మాట చెప్పినవాడు డ్రమ్మును నడిపించే ఆపరేటరు. రాసినవారు దాన్ని పరీక్షించలేదు. పక్కన నిలబడి సంతకాలు పెట్టిన ఊరివాళ్లు దాన్ని చదవలేదు.

బోధన్ దగ్గరి ఆ ఊరికి దినవారాల కోసం వెళ్లినప్పుడు అక్క ఆ కాగితాన్ని నా చేత చదివించుకుంది. విన్నంతసేపూ నేల వైపే చూసింది.

"తమ్మీ, పైసలొస్తయో రావో నాకెర్క లేదు. గీ ఒక్క మాట తీసేయించు. ఎప్పుడన్న పిల్లలు సదువుకుంటే, మా బాపు సోయి లేక సచ్చిపోయిండని సదువుకోవాల్నా?"

తీసేయిస్తానని నేను చెప్పలేదు. కనుక్కుంటానన్నాను. నిజామాబాద్‌లో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. రుజువు లేని మాట నోటి వెంట రానివ్వకపోవడం పాఠం చెప్పేవాడికి అలవాటు, ఇంట్లోవాళ్లకు నవ్వులాట. అక్క మామగారు నన్ను చూసినప్పుడల్లా, "సారు వచ్చిండు. బువ్వ ఉడికిందో లేదో థర్మామీటరు పెట్టి సూసినంకనే తింటడు," అనేవాడు. ఆ రోజు మాత్రం ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని ఉన్నాడు, చలి వేసినవాడిలాగా. అప్పటికే ఎండలు ముదిరాయి.

జరిగినదాన్ని నాకు తెలిసినంతవరకు చెబుతాను. తవ్విన పసుపు కొమ్ములను ఉడకబెట్టి ఎండేయాలి. ఒకప్పుడు ప్రతి రైతూ చేను గట్టున కడాయి పెట్టుకుని ఉడకబెట్టుకునేవాడు. ఇప్పుడు ట్రాలీ మీద బిగించిన ఆవిరి డ్రమ్ములు కిరాయికి వస్తాయి. పెద్ద డ్రమ్ములో నీళ్లు కాగుతాయి, ఆవిరి గొట్టాల గుండా కొమ్ములున్న పీపాల్లోకి పోతుంది. పెద్ద డ్రమ్ము నెత్తిన ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. దాని మీటను స్ప్రింగు కిందికి నొక్కి పట్టుకుంటుంది, లోపలి ఒత్తిడి హద్దు దాటితే మీట పైకి లేచి ఆవిరి బయటికి పోతుంది. స్ప్రింగు పాతబడితే వాల్వు హద్దుకు ముందే తెరుచుకుంటుంది. కట్టెలు కాలిపోతుంటాయి, కొమ్ములు మాత్రం ఉడకవు. అటువంటప్పుడు మీటను తీగతో కిందికి కట్టేస్తారని చాలామంది నాకు చెప్పారు. కడుతుండగా నేను కళ్లారా చూడలేదు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. కుప్ప సగం కూడా ఉడకలేదు. ఆపరేటరు సద్ది తినడానికి అవతలి గట్టుకు వెళ్లాడు. బావ పొయ్యి దగ్గర ఉన్నాడు. అక్క దూరంగా కూలీలతో కలిసి కొమ్ములు ఏరుతోంది. డ్రమ్ము పగిలింది.

నేను ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేసరికి పోస్టుమార్టం ముగిసింది. ఆయన ముఖం గురించి రాయను. అరచేతులు మాత్రం చెక్కు చెదరలేదు. వాటి గీతల్లో పసుపు దిగి ఉంది. స్నానం చేయించినప్పుడు కూడా అది పోలేదు. మర్నాడు చేనుకు వెళ్లి డ్రమ్మును చూశాను. రేకు పువ్వులా విచ్చుకుని ఉంది. వాల్వు బిగించే చోట మరలు చీలిపోయి ఉన్నాయి. వాల్వు లేదు. పోలీసులకు కూడా దొరకలేదని చెప్పారు.

తొలకరి పడ్డాక బావ పడిన చోట పసుపు మొలిచింది. ఉడికిన పసుపు మొలిచిందని ఊరంతా పాకింది, చూడడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఉడికిన కొమ్ము మొలవదు, దానిలో ప్రాణం ఉండదు. ఒక మొలకను తవ్వి గోటితో గిల్లి చూశాను. పచ్చి కొమ్మే. డ్రమ్ము పగిలినప్పుడు పక్క కుప్ప చెల్లాచెదురైంది, అందులోవి మట్టిలో దిగబడ్డాయి. ఇదంతా అక్కడున్నవాళ్లకు వివరించాను.

"సరే సారూ, పచ్చిదే మొలిసింది," అన్నాడు ఒక పెద్దమనిషి. "నాలుగు దిక్కులకు పడ్డది గదా. ఆయిన పడ్డ కాడనే ఎందుకు మొలిసింది?"

డ్రమ్ము పగిలిన దెబ్బకు అక్కడ గుంట పడి వాన తడి నిలిచిందన్నాను. సరైన సమాధానమే. వాళ్లు మర్యాదగా తల ఊపారు. ఆ సంవత్సరం ఆ మొలకలను ఎవరూ ముట్టలేదు. వివరణ ఇచ్చిన నేనే, ఆ చోటికి వచ్చేసరికి గట్టు దిగి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. 

నిజామాబాద్ కోర్టు వెనక సందులో ఒక వకీలు దగ్గరికి అక్కనూ ఆమె మామనూ తీసుకెళ్లాను. ఆయన మాట సూటిగా ఉంటుంది, దయ కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది.

"సూడమ్మా, తొవ్వలు నాలుగున్నయి," అన్నాడు. "పోలీసులు కేసు మూసేస్తమంటే మెజిస్ట్రేటు దగ్గర మనం అభ్యంతరం చెప్పొచ్చు. ఆడ సందేహం లేకుండ రుజువు చెయ్యాలె. రవ్వంత సందేహమున్నా వాడు బయటపడ్తడు. రెండోది, కిరాయికి తెచ్చుకున్న సేవల లోపమని వినియోగదారుల కమిషన్ల వెయ్యొచ్చు. మూడోది కార్మిక నష్టపరిహారం. అది మనకు చెల్లది. మీ ఆయన వాళ్ల దగ్గర పనోడు కాదు, పసుపు ఆయనదే. నాలుగోది సివిల్ దావా. ఒకరి అజాగ్రత్తతోని మనిషి పోతే, ఆ మనిషి మీద బతికేటోళ్లు వేసుకునేది. ఈడ తక్కెడ ఎటు మొగ్గితే అటు. కాని గడువున్నది, రెండేండ్లు దాటితే తలుపు మూస్తరు."

"రైతు బీమా వచ్చింది గదా," అన్నాడు మామ నెమ్మదిగా.

"గది వేరు పెద్దాయనా. బీమా ఎవరి తప్పని అడగది. మీ కోడలు అడుగుతున్నది గదే కదా."

దావా ఎవరెవరు వేయవచ్చునో అడిగాను. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు అన్నాడు. తోబుట్టువులకు, బావమరుదులకు ఆ చట్టంలో చోటు లేదు. నా పేరు ఆ కాగితం మీద ఎక్కడా రాయవలసిన పని లేదని తెలిసి వింతగా అనిపించింది. పరాయివాడి దుఃఖానికి తోడు వచ్చినట్లు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

సివిల్ దావాయే వేద్దామన్నాడు వకీలు. సాక్షులను నిలబెట్టి అడగడానికి అదే అనువైన చోటు. డ్రమ్ము వాళ్ల అదుపులో ఉన్న వస్తువు. జాగ్రత్తగా ఉంటే డ్రమ్ము పగలదు. పగిలింది కనుక ఎందుకు పగిలిందో చెప్పాల్సిన భారం వాళ్ల మీదే పడుతుంది. నాకు ఆ తర్కం నచ్చింది. ఆ తర్వాత ఆయన అడిగాడు:

"వాల్వు ఏది?"

 మామ కండువాతో నోరు తుడుచుకున్నాడు.

"గంగల ఏసిన," అన్నాడు.

మా దిక్కున గంగ అంటే గోదావరి. అస్థికలు కలపడానికి కందకుర్తి వెళ్లినప్పుడు, మంజీర వచ్చి కలిసే చోట, కొడుకు బొక్కలతో పాటు వాల్వును కూడా నీళ్లలో వదిలాడట. అది బావ పక్కనే మట్టిలో పడి ఉంటే పోలీసులు రాకముందే సంచిలో వేసుకున్నాడట. ప్రాణం తీసిన ఇనుము ఇంట్లో ఉంటే ఇంకొకరిని అడుగుతుందని మా పల్లెల్లో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ నమ్ముతారు. మనిషిని పొడిచిన కొడవలిని, కరెంటు కొట్టిన తీగను ఏట్లో వదిలిన సంగతులు నేను చిన్నప్పుడు విన్నాను.

"ఉన్న ఒక్క సబూత్ గంగపాలు చేసినవా పెద్దాయనా!" వకీలు తల పట్టుకున్నాడు. "అవతలోడు వెయ్యి రూపాయలిచ్చి చేపించినా గింత సాఫుగ కాకపోవు."

అక్క తన మామ వైపు తిరగలేదు. నీళ్ల సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది.

నన్ను సాక్షిగా నిలబెడదామన్నాడు వకీలు. వాల్వును కట్టేశారని సైన్సు లెక్చరర్ చెబితే బరువుంటుందన్నాడు. నేను బాయిలర్ల తనిఖీ అధికారిని కాను. చీలిన మరలను చూశాను, అంతే. లోపలి ఒత్తిడి వల్ల రేకు విచ్చుకుందని చెప్పగలను. వాల్వును కట్టేశారో, తుప్పు పట్టి బిగుసుకుందో, మొదటి నుంచే పనిచేయదో చెప్పలేను. రెండు రోజులు కూర్చుని అదే రాసి ఇచ్చాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు.

"సార్, మీరు మన దిక్కా, వాళ్ల దిక్కా?"

ఇంటికి తిరిగి వెళ్తుంటే అక్క మాత్రం మామతో, "వాడు గంతే. చిన్నప్పుడు అవ్వ మీద గూడ సాడీ చెప్పెటోడు, అబద్ధమాడనీకి నోరు రాక," అంది. నవ్వడానికి ప్రయత్నించింది. నాకు కూడా నవ్వు రాలేదు.

దావా నడిచింది. వాయిదాలు, వాయిదాల మీద వాయిదాలు. డ్రమ్ము యజమాని జవాబు దావాలో పంచనామా వాక్యాన్నే మళ్లీ రాయించాడు. చివరకు మామ సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. ఆయన్ను తీసుకురావడానికి బోధన్ వెళ్లాను. అక్క పిల్లలతో ముందు బస్సులో వెళ్లిపోయింది. మేమిద్దరం తర్వాతి బస్సు ఎక్కాము. కిటికీ అవతల ఒకప్పుడు అంతటా చెరుకు ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడక్కడ మడులు మాత్రమే మిగిలాయి, తక్కినదంతా వరి.

ఎడపల్లి దాటాక ఆయన నా మోకాలి మీద చెయ్యి పెట్టాడు.

"సారూ, నిన్నొకటి అడుగుత. ఆడ నిల్సున్నంక వాళ్లు ఏది అడిగితే గది సెప్పాల్నా?"

"చెప్పాలి మామ. ప్రమాణం చేయిస్తారు కదా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకున్నాడు.

"గా వాల్వుకు తీగ ఉండె," అన్నాడు.

 ఇన్నాళ్లుగా ఆ ఒక్క మాట కోసమే వెతికాను. దొరికిన క్షణాన దానిని నమ్మకూడదని కూడా నాకు తెలుసు. జ్ఞాపకం వినికిడితో కలిసిపోతుంది. ఊరంతా తీగ గురించే మాట్లాడుకుంటే, చూడని తీగ కూడా కళ్ల ముందుకు వస్తుంది. అందుకని సమాధానాన్ని నోటికి అందించకుండా అడిగాను, ఎట్లా ఉంది, ఎక్కడ ఉంది, నీకు ఎట్లా తెలుసు అని.

"ఇప్పిన గదా. నా ఏళ్లతోని ఇప్పిన. గంగల ఇడిసే ముందు ఏ కట్టు ఉండొద్దు. పీనుగ కాళ్ల కట్టు ఇప్పుతం, మొలతాడు తెంపుతం. కట్టుతోని పోయినోడు తిరిగొస్తడంటరు. గందుకని తీగ ఇప్పి దాన్ని ఒక దిక్కు, వాల్వును ఒక దిక్కు ఇసిరేసిన."

"వకీలుకు ఎందుకు చెప్పలేదు మామ? ఆ ఒక్క మాట చెబితే..."

"ముడి మనది," అన్నాడు.

అర్థం కాలేదు. ఆయన తన కండువా కొసను తీసుకుని, సీటు ముందున్న ఇనుప కడ్డీకి చుట్టి చూపించాడు. చుట్లు తిప్పి, కొసను వెనక్కి మడిచి, చుట్ల కిందికి దూర్చి, బొటనవేలితో నొక్కాడు. గుంజితే బిగుస్తుంది, వెనక్కి నెడితే ఊడుతుంది. చెరుకు కట్టకు వేసే ముడి.

"గిది వానికి నేనే నేర్పిన. పదేండ్లప్పుడు, గిట్లనే, నా ఒళ్లె కూసుండవెట్టుకోని. తీగ మీద ఏలు వెట్టంగనే ఎర్కయ్యింది సారూ. సూడకుంటనే ఇప్పిన. ప్రాణం తీసిన ఇనుమని గాదు నేను గంగల ఏసింది. అందరికి గట్లనే సెప్పిన. పోలీసులు సూస్తే వీడే కట్టుకున్నడంటరని ఏసిన."

ఆయన ఏడవలేదు. కండువాను కడ్డీ నుంచి విప్పి, మడతలు సాపు చేసి భుజం మీద వేసుకున్నాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఈయన తన చేతులను ఎందుకు దాచుకుంటున్నాడో నాకు అప్పుడు తెలిసింది. పోయిన మనిషి ఆ వేళ్లలోనే ఉన్నాడు.

నేను చేయగలిగింది ఒక్కటే. పరీక్షించడం.

"మామ, ఆ ముడి నీకెవరు నేర్పారు?"

"చెరుకు కొట్టనీకి వచ్చెటోళ్లు. సరిహద్దు అవుతలకెల్లి మరాఠోళ్లు."

"మన దిక్కు ఇంకెవరికి వస్తుంది?"

"ఎవరికి రాదు? చెరుకు ముట్టినోడందరికి వస్తది."

"డ్రమ్ము నడిపే ఆపరేటరుది ఏ ఊరు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఆపరేటరు సరిహద్దు అవతలివాడు. చెరుకు కొట్టే ముఠాల్లో పెరిగి, చెరుకు తగ్గాక డ్రమ్ము పట్టినవాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తన వేళ్లు చెప్పిన దాని ముందు మిగతాదంతా ఆయనకు వినబడలేదు.

"ముడి సంతకం కాదు మామ," అన్నాను. "అది ఎవరు కట్టారో చెప్పదు. మీ వాడు కట్టలేదని చెప్పదు, కట్టాడనీ చెప్పదు. ఒకవేళ ఆయనే కట్టినా, కట్టనిచ్చి, పొయ్యి వదిలి పోయింది యంత్రం బాధ్యత ఉన్నవాడు."

"అయితె ఏం సెప్పాలె?"

"అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆ సలహా ఇచ్చినప్పుడు నాకు ధైర్యం ఉందని చెప్పలేను. మరో సలహా ఇవ్వడం నాకు చేతకాదు, అంతే. కోర్టుకు చేరాక మా వకీలుకు సంగతంతా చెప్పాను. ఆయన ఫైలు మూసి, "ఉన్నది చెప్పనీయండి," అన్నాడు. అక్కకు మాత్రం చెప్పలేదు.

ఆమె వెనక బల్ల మీద పిల్లల మధ్య కూర్చుంది. మామ బోనులో కొయ్య పట్టీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. వాల్వును గంగలో వేసిన సంగతి అప్పటికే దావా కాగితాల్లో ఉంది, అవతలి వకీలు దాని గురించే అడిగాడు.

"ఆ వాల్వును దాచింది నువ్వే కదా?"

"నేనే."

"నీటిలో పారేసింది?"

"నేనే."

"ఎందుకు? నీ కొడుకు తప్పు బయటపడుతుందనే కదా?"

మా వకీలు లేవబోయాడు. మామ అప్పటికే తల ఊపాడు.

"అవు. గట్లనే అనుకున్న. తీగకు మా ముడి ఉండె."

 అవతలి వకీలు జడ్జి మేడం వైపు తిరిగి, ఇక అడగవలసింది లేదన్నట్లు చేతులు చాపాడు. ఆమె రాసుకుంటున్న కలం ఆపింది.

"పెద్దాయనా, ఆ ముడి మీ ఇంట్లోవాళ్లు మాత్రమే వేస్తారా?"

"లేదమ్మా. అందరు ఏస్తరు. మాకు నేర్పిందే వాళ్ల దిక్కోళ్లు," అంటూ అవతలి బల్ల దగ్గర కూర్చున్న ఆపరేటరును గడ్డంతో చూపించాడు. "గాయినకు గూడ వస్తది. అడుగుండ్రి."

ఆపరేటరు తల దించుకున్నాడు. తల దించుకోవడం రుజువు కాదు. అది కూడా నేను గమనించి పెట్టుకున్నాను.

నేను వెనక్కి తిరిగి అక్కను చూశాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం కనిపిస్తుందని అనుకున్నాను. చిన్నవాడి జుట్టు సవరిస్తూ ఉంది.

తీర్పు వర్షాకాలంలో వచ్చింది. డ్రమ్ము యజమాని, ఆపరేటరు బాధ్యులని అందులో ఉంది. తనిఖీ చేయించినట్లు ఒక్క కాగితమూ చూపలేదు, మంట మండుతుండగా యంత్రాన్ని వదిలి వెళ్లారు, తీగను ఎవరు కట్టినా దానిని చూసి విప్పవలసిన బాధ్యత వారిదే అని రాశారు. మృతుడి అజాగ్రత్త రుజువు కాలేదన్నారు. పరిహారం సంగతి పై కోర్టులో ఇంకా నడుస్తోంది. పంచనామాను ఎవరూ చెరిపేయరని, అయినా ఇక దాన్ని ఎవరూ ఆధారంగా చూపలేరని వకీలు అక్కకు చెప్పాడు.

ఆ సాయంత్రం తీర్పును ఇంట్లో నేనే చదివి వినిపించాను. అజాగ్రత్త గురించిన వాక్యం దగ్గర ఆమె ఆపింది.

"రుజువు కాలేదంటే? తప్పు లేదనేనా?"

ఈ తేడాను నేను ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతాను. ఒకటి లేదని తేలడం వేరు, ఉందని తేలకపోవడం వేరు.

"లేదని కాదు అక్కా. ఉన్నదని ఎవరూ చూపించలేకపోయారని."

నా మాట ఆమెను బాధపెడుతుందని భయపడ్డాను. ఆమె తీర్పు ప్రతిని నా చేతిలోంచి తీసుకుని, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది.

"సాలు," అంది. "నేనడిగింది గంతే. వాళ్లు రాసిన మాటకు ఎదురుంగ ఇంకో మాట రాయించమన్న. రాసిండ్రు."

గిన్నెలో అన్నం వడ్డించి నా ముందు పెట్టింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంది. వర్షం రేకుల మీద పడుతోంది. వసారాలో మామ దగ్గడం వినిపించింది. ఆమె గొంతు తగ్గించింది.

"అందరు మామను అడిగిండ్రు. ఆపరేటరును అడిగిండ్రు. నిన్ను గూడ అడిగిండ్రు, నువ్వు ఆడ లేకపోతివి. నేనుంటి. నన్నేమో ఆయన ఎంత సంపాదిస్తుండె, పిల్లలు ఎంతమంది అని అడిగి దింపిండ్రు. గా తీగ ఎక్కడికెల్లి వచ్చిందని నన్నెవ్వరు అడగలే తమ్మీ."

నా నోటిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె నా వైపే చూస్తోంది. అడిగితే చెప్పేది. ఇంత కాలం ఇందరిని ప్రశ్నించినవాణ్ణి, ప్రశ్న నా నాలుక మీద సిద్ధంగా ఉంది.

"సల్లారుతది, తిను," అంది అక్క.

తిన్నాను. అడగలేదు. ఏటా పసుపు ఉడికే కాలం వచ్చి పోతోంది, ఆ ఊరికి వెళ్తూనే ఉన్నాను, ఆమె చేతి అన్నం తింటూనే ఉన్నాను. ఇప్పటికీ అడగలేదు.